ఫోటోకు మాత్రమే బెల్టు

సుబేదారిల సెల్ టవర్ కింద, పైకెక్కేటోడు నడుముకు బెల్టు బిగించుకుని నిలబడ్డడు. సూపర్‌వైజర్ ఎదురుంగ ఫోన్ పట్టుకున్నడు.

"జర నవ్వురా, శవం లెక్క నిలబడకు. ఆఁ, అయిపాయె. ఫోటో కంపెనీకి పోయింది. ఇగ బెల్టు ఇప్పు."

"ఈ ఒక్కరోజు ఉండనియ్యే అన్నా. గాలి బాగ కొడ్తాంది."

"ఉన్నది ఒక్క బెల్టు. ఏటూరునాగారంల ఇంకొకడు ఇదే ఏసుకుని ఫోటో దిగాలె. నువ్వు ఏసయ్యను పట్టుకుని ఎక్కు, బెల్టు కన్న గట్టిగుంటడు."

"మొన్న ఇస్సాకుతోటి గూడ గిట్లనే ఇప్పిచ్చినవ్. పడి సచ్చిపాయె."

"పడ్డది వాడు. నేను తోసిన్నా?"

"వాని పెండ్లాం రాహేలు దవాఖానల మొత్తుకుంటాంటె, కంపెనోళ్లు వాడు బెల్టుతోటి దిగిన ఫోటోనే ముందట పెట్టిండ్రు. మేం బెల్టు ఇచ్చినం, నీ మొగడే పైకి పోయి ఇప్పుకున్నడు అన్నరు. తప్పంత వానిదే అని రాసుకున్నరు."

"ఫోటోల బెల్టు కనవడ్తాంది గదరా. కంపెనీ ఇంక దేన్ని నమ్మాలె, రాహేలు ఏడుపునా?"

తను ఎక్కనంటె, కొత్త మనిషిని దొరకవట్టుడు సూపర్‌వైజర్‌కు గంట పని. పైకెక్కేటోడు బెల్టు ఇప్పి అతని చేతిల పెట్టిండు.

"అన్నా, ఎక్కేముందు తీసుకున్న నా ఫోన్ నీ జేబులనే ఉంది గద. గిట్ల, బెల్టు లేకుంట గూడ ఒక ఫోటో తియ్యి. నా పెండ్లాం మౌనికకు పంపు. నాకేమన్న అయితె చూపెట్టుకుంటది."

సూపర్‌వైజర్ బెల్టును బండికి తగిలించి కిక్కు కొట్టిండు.

"బెల్టు లేకుంట టవర్ కాడ ఫోటో దిగుడు రూల్సుకు ఖిలాఫ్ రా. నౌకరి పోతది. ఎక్కు."