ఆ పొద్దు తప్పిన తెలివి

"అవ్వా, తెలివి అంటే ఏంది? బుద్ధి అంటే ఏంది? రెండూ ఒకటేనా?"

ఏంటికే? ఎవురు అడిగి రమ్మన్నారు నిన్ను? బళ్లోనా? చెప్పాల్సిన అయ్యవారు ముసిల్దాన్ని అడగమనిందేంటికి? ఉండు, ఆ టేపులో ఎర్రగా ఏందో ఎలుగుతాండాదే. నా మాటలు అందులో పడతాండాయా? పడితే పడనీలే. నా కాడ దోచుకునేదానికి ఇంగేముండాది.

రాసుకో. మన పక్క ఎవుర్నన్నా తెలివిగల్లోడు అన్నామంటే, వాని కాడ జాగ్రత్తగా ఉండు అని. బుద్ధిమంతుడు అన్నామంటే, పాపం నోట్లో నాలిక లేనోడని. జ్ఞానం లేదా నీకు అని తిట్టేదే గానీ, ఉండాది అని ఎవుర్నన్నా అనంగా నేను ఇనలేదు. నవ్వాకు మే, ఉన్నమాటే చెప్తాండా.

మన ఈదిలో తెలివిగల్లోడంటే ఓబులేసు. మీ తాతకు పెదనాయన కొడుకు, నాకు మరిదయితాడు. కదిరికి ఆరు రూపాయల టికెట్టు పెట్టుకోని పొయ్యి, ఆపీసుల్లో నాలుగు మాట్లాడి పని చేసుకోని వచ్చేటోడు. ఆరు కాదు, ఆరు కొత్తచెరువుకు. కదిరికి ఇంగా జాస్తి. ఏదో ఒకటిలే. అచ్చరాలొచ్చినోడు, అందుకే నాకు వాడంటే అనుమానం. మా నాయన కత ఇన్నావు గదా? రేషను కార్డుకని చెప్పి మా చిన్నాయన ఏలిముద్ర ఏపిచ్చుకున్న్యాడు. దాంతోనే బాయికాడి మడి పాయ. మా నాయన సచ్చేదాకా ఆ బొటనేలు సూసుకుంటానే ఉన్న్యాడు. అప్పట్నుంచి కాగితమంటే నాకు బయమే.

వానల్లేక సెనక్కాయ చేన్లోనే ఎండిపోయిన ఏడు అది. నువ్వప్పటికి పుట్టలేదేమో... పుట్టినావులే, పాకుతాంటివి. మీ తాత బెంగుళూరుకు మట్టిపనికి పొయ్యిండె. ఇంటికాడ నేనూ, రెండెద్దులూ. ఎర్రోడు, మచ్చోడు. గడ్డయిపోయి కొట్టం మీది కప్పు పీకి ఏస్తాంటి.

అప్పుడొచ్చినాడు ఓబులేసు, కాగితం పట్టుకోని. "వదినా, ఎద్దులుండేవాళ్లకు గవుర్మెంటోళ్లు గడ్డి ఇస్తారంట. ఏలిముద్ర వెయ్యి, పొద్దుగూకేలోగా పట్టీ ఇచ్చి రావల్ల" అన్న్యాడు. ఎప్పుడూ గడప తొక్కనోడు ఆ పొద్దు వదినా వదినా అని వచ్చి కూకున్న్యాడే! ఊరికే గడ్డి ఎవురిస్తారప్పా? "మీ అన్న రానీ" అంటే, "అంతవరకు ఆగదు వదినా" అంటాడు. మా చిన్నాయన గూడా మా నాయన్ని ఇట్లనే తొందర చేసినాడు మరి.

వెయ్యనంటే సుట్టరికంలో మాటొస్తాది. ఏం చేసేది? అమ్మా అని తల పట్టుకోని ఆడే కూలబడితి. బొటనేలు లోపలికి మడిసి పిడికిలి బిగించినా సూడు, సుత్తితో కొట్టినా రాదు. "మా వదినకు తెలివి తప్పింది, రాండి!" అని అరిసినాడు. ఆడోళ్లంతా వచ్చిరి. ఎర్రగడ్డ నలిపి ముక్కుకాడ పెట్టిరి. కండ్లల్లో నీళ్లు, తుమ్ము ఆపుకోలేక సస్తాండా. ఓరకంట సూస్తే ఓబులేసు ఆ కాగితంతోనే నాకు ఇసురుతాండాడు. అప్పుడు గూడా ఏమనుకుంటినో తెల్సా? కాగితం ఏలికాడికి తెస్తాండాడే దొంగ అని! శానాసేపు ఇసిరి, "తెలివి రాంగానే మా ఇంటికాడికి పంపీండి" అని పాయ. నేను పొద్దుగూకినంక లేసినా. నాయంత తెలివిగల్లది మండలంలో లేదనుకుంటి.

ఎనిమిది దినాలకు లారీ వచ్చె. నిజం గడ్డే. పట్టీ చదివి, పేరు పిలిచి మోపులిస్తాండారు. నా పేరు యాడుండాది? మాపటికి ఓబులేసు వాళ్ల మోపొకటి తెచ్చి మా వాకిట్లో ఏసిపాయ. వాళ్ల ఎద్దులు గూడా ఎముకలే మే. నేనేం చేసినా? దీంట్లో ఏం మతలబుండాదో అని, ఎత్తుకపొయ్యి వాళ్లింటి ముందరే ఏసొచ్చినా. నా నోట్లో మన్ను పడ.

మీ తాత వచ్చేటప్పటికి మచ్చోడు లెయ్యలేక లెయ్యలేక లేస్తాన్న్యాడు. ఇంగ సావనిచ్చేదెట్లని రెండిటినీ సంతకు తోలకపాయ. గొడ్డునమ్మినా పలుపు ఇయ్యకూడదు, ఇస్తే కొట్టం ఖాళీ అయితాదంటారు గదా. ఆ రెండు పలుపులూ బుజానేసుకోని వచ్చి, గుంజకు తగిలించి, అడిగినాడు.

"ఓబులేసు చెప్పినాడు, ఆ పొద్దు నీకు తెలివి తప్పిందంట. నిజమేనా?"

"తప్పింది" అంటి.

నా మొగం సూసినాడు. నీళ్లు తాగి పండుకున్న్యాడు. కండ్లు మూసేదాకా మళ్ల అడగల్యా. నేనూ చెప్పల్యా. ఎట్ల చెప్పేది మే? పలుపులు అదో, ఆ గుంజకే ఉండాయి. వాటికి మళ్ల ఎద్దులు రాల్యా.

మీ తాతకు అబద్దం చెప్పినానని ఇన్నేండ్లూ లోపల్లోపల ఏడ్సుకుంటా ఉన్నా. ఇప్పుడు నువ్వడిగితే తెలుస్తాండాది. నిజమే చెప్పినా. ఆ పొద్దు నాకు తెలివి తప్పింది.

ఈ కాగితంలో ఏముండాదప్పా, నాకు తెలీదు, చదివి చెప్పండి అని ఆ ఎర్రగడ్డ నలిపిన ఆడోళ్ల పిల్లోళ్లను అడిగింటే అయిపోయేది. నువ్వు సల్లగుండు తల్లీ. తెలీకపోతే తెలీదని అడుగు, సిగ్గుపడాకు.

ఓబులేసా? ఉండాడు. కట్టె పట్టుకోని పోతా, వదినా బాగుండావా అంటాడు. ఇదో, ఈ టేపు ఆ మనిసికి ఇనిపించాకు. ఇన్న్యావా? ఆఁ... ఉండు. ఇనిపియ్యిలే. నా నోటితో నేను చెప్పలేను గానీ...