పసుపు టేపు సిలిండర్

డైవింగ్ సెంటర్ వెనక సామాను కడిగే గది. నీళ్ళ తొట్టి దగ్గర బావ, గుమ్మంలో మరదలు.

"ఏం పీకుతున్నావ్ బావా, దాని మీంచి?"

"ఏం లేదు బుల్లీ. కడుగుతున్నా. ఉప్పునీళ్ళు ఆరితే తుప్పు పడుతుందట."

"అక్క ఆసుపత్రిలో స్పృహ లేకుండా పడుంటే నీకు తుప్పు గుర్తొచ్చిందా? చెయ్యి చూపించు."

"టేపు ముక్కేనే."

"పసుపు టేపు. అక్క సిలిండర్‌ది. పొద్దున నా చేత్తో నేనే అంటించాను. అక్కకి పసుపు, నీకు నీలం."

"దానంతటదే ఊడింది."

"గోళ్ళతో గీకితే ఊడింది! డైవింగ్ నేర్పే మాస్టారు ఏమన్నాడో తెలుసా? అక్క వేసుకున్న సిలిండర్‌కి గాలి వదిలే మర దాదాపు మూసేసి ఉందట. ఓ పిసరు మాత్రం తెరిచి ఉంచారట. అలా ఉంచితే పైన గాలి బాగానే వస్తుంది. లోతుకి పోయాకే అందదు. పొరపాటున జరిగేది కాదన్నాడు."

"పొద్దున మాస్టారితో కలిసి అందరివీ కట్టింది నువ్వేగా!"

"కట్టాను. అక్కది పూర్తిగా తెరిచాను. ఒకటికి రెండుసార్లు చూశాను. ఒట్టు."

"మరి నన్నెందుకు అడుగుతావ్?"

"ఆ తర్వాత నేను మీ ఆఫీసు మేనేజర్ జట్టుతో ముందే నీళ్ళలోకి దిగిపోయాను. పడవలో అక్క పక్కన మిగిలింది నువ్వేగా? కింద అక్క పక్కనున్నది ఎవరు?"

"నేనే. ఆక్టోపస్ కనిపించింది. రాయి మీద రాయిలాగే ఉంది, నేను చెయ్యి చాపేసరికి ఎర్రగా మారిపోయింది. అది చూపిద్దామని వెనక్కి తిరిగితే మీ అక్క గొంతు పట్టుకుని..."

"నీకెలా ఏం కాలేదు?"

"మళ్ళీ అదే ప్రశ్న! ఇందాక పడవలోనూ అడిగావ్, ఆసుపత్రిలోనూ అడిగావ్. నాకేమన్నా అయ్యుంటే నీకు బావుండేదా?"

"ఊరికే అడిగా."

"నా గాలి తనకిచ్చి పైకి తెచ్చింది నేనేనే తల్లీ!"

"అందరూ చూస్తున్నారు కాబట్టి తెచ్చావ్. నిన్న భోజనాల దగ్గర మాస్టారిని ఏమడిగావ్? కింద గాలి ఆగిపోతే మనిషి ఎంతసేపు బతుకుతాడని అడగలేదూ?"

"భయమేసి అడిగా! నాకు బకెట్లో నీళ్ళు చూసినా హడలే. మీ అక్క పోరు పడలేక వచ్చా."

"అక్క చేతి మీద ఆ కమిలిన మచ్చేంటి?"

"తలుపు తగిలింది."

"మొన్న బీరువా, అంతకు ముందు మెట్లు. మీ ఇంట్లో సామానంతా అక్క మీదకే ఎగబడుతుందా? 'ఆ మనిషి ఏదో ఒకరోజు నిన్ను చంపేస్తాడే, వదిలేసి వచ్చెయ్యి' అని అక్కకి చెబితే వినదు. నవ్వుతుంది."

"మా ఇంటి గొడవ నీకెందుకు?"

"అది మా అక్క! సరే, పోలీసులొస్తున్నారు. ఈ సిలిండర్ వాళ్ళ చేతికి నేనే ఇస్తా. జరుగు."

"ఆగు, ఆగు. అదిస్తే లాభం లేదు."

"ఎందుకు లేదు?"

"బుల్లీ... ఎవరికీ చెప్పనంటే చెబుతా."

"చెప్పు ముందు."

"అది మీ అక్క వేసుకున్నది కాదు. నేను వేసుకున్నది."

"అబద్ధం. పసుపు టేపుంది."

"మార్చుకున్నాం. సిలిండర్లు బిగించిన జాకెట్లతో సహా. గాలి ఎక్కువుంటుందని పెద్ద సిలిండర్ అక్కకి కట్టావుగా నువ్వు? అది తగిలించుకుని పాపం లేవలేకపోయింది. పడవ ఊగుతోంటే రెండుసార్లు కూలబడింది. 'మీ చిన్నది నాకివ్వండి' అంది. ఇచ్చా."

"మాస్టారు చూళ్ళేదా?"

"మా ఆఫీసు గుమస్తా వాంతి చేసుకుంటుంటే ఆయన అటు పరిగెత్తాడు. కట్టినవి మార్చుకుంటే దించనని ముందే అరిచాడుగా, అందుకే మేమూ నోరెత్తలేదు. ఇప్పుడు చెబితే ఏమంటారు? మూసిందేదో నేనే మూసి పెళ్ళానికి తగిలించానంటారు. అందుకే టేపులు మార్చేద్దామనుకున్నా... వింటున్నావా?"

"అంటే అక్క వీపు మీద..."

"నాదే. నీలం టేపుది."

"కాదు."

"కాదేంటి? అదిగో తొట్టి అడుగున ఉంది, చూసుకో. అంటే ఏంటి అర్థం? ఎవడో చంపాలనుకుంది మీ అక్కని కాదు, నన్ను! నా మీద అంత పగ ఎవరికుంది చెప్పు? ఏయ్... ఏంటలా కూలబడ్డావ్? బుల్లీ! నీళ్ళు తాగుతావా?"

"మార్చుకునే ముందు నాకొక్క మాట చెప్పొచ్చుగా బావా!"