తోడేలు కథకు ధన్‌సింగ్ సారు రాసిన ముగింపు

సభకు వచ్చిన పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, పాలకీడు పక్క తండా నుంచి ట్రాక్టరెక్కి వచ్చిన బంధువులకు నమస్కారం. ముందు వరుసలో మోతీబాయక్క కూర్చుని ఉంది. ఆమె ముఖం చూస్తూ ఆమె భర్త గురించి మాట్లాడటం నాకు చేతకావడం లేదు. అయినా మాట్లాడాలి. మన ధన్‌సింగ్ సారు పోయిన వారం పోయాడు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి ఇంతమంది వచ్చారు. బతికున్నప్పుడు మనలో సగంమంది ఆయన మాట విన్నా, ఈ రోజు నేనిట్లా తలవంచుకుని నిలబడేవాణ్ణి కాదు.

అయ్యా, ఆయన్ను మనం దేనికి మెచ్చుకున్నాం? 'గుట్ట దిగిన తోడేలు' నవలకు. ఎనభై ఆరులో నా ప్రెస్సులోనే అచ్చయింది. కరువులో నీళ్లు దొరకక, ఉచ్చులో కాలు ఇరుక్కుని, మంద కుక్కల నోట పడి కూడా బతికి బయటపడ్డ తోడేలు కథ. చివరికి అది తండాకు వచ్చి, ఒక ముసలమ్మ చేతిలో జొన్నరొట్టె తిని, ఆమె గడప ముందు పడుకుని నిద్రపోతుంది. చదివిన పిల్లలంతా దాన్ని తమ ఇంటిదే అనుకున్నారు.

కానీ సారు మొదట రాసింది అది కాదు. ఆదివారం ఆదివారం మా ప్రెస్సులో కూర్చుని, రాసినంత మేర చదివి వినిపించేవాడు. మధ్యలో ఎవరైనా దగ్గితే మళ్లీ పేజీ మొదటికి పోయేవాడు, అంత చాదస్తం. చివరి ఆదివారం ఏం చదివాడు? రొట్టె తిన్న తోడేలు మరునాడు మళ్లీ వస్తే, ముసలమ్మ రాయి తీసుకుని కొట్టి గుట్టకు తరిమేస్తుంది. తరిమి, గుడిసెలోకి పోయి ఏడుస్తుంది. నాకు కడుపు మండింది. "ఇంత దూరం తీస్కొచ్చి రాయితోని కొట్టిస్తవా సారూ? నీకు మనసెట్ల ఒప్పింది?" అన్నాను. అక్కడున్నవాళ్లంతా నా వైపే. ఆయన ఒకటే మాట అన్నాడు: "అది ఆమెను నమ్మితే అందర్నీ నమ్ముతది." ఆ మాట మన చెవికెక్కిందా? ఎక్కలేదు. సారు మొహమాటస్థుడు. మార్చి ఇచ్చాడు.

తర్వాత జరిగింది తండావాళ్లకు తెలుసు. మనకూ తెలుసు, మరిచిపోయాం. సారు తల్లి సాలికి చదువు రాదు. అచ్చయిన పుస్తకం కొడుకు చదివితే కథంతా విన్నది. పశువులు సల్లగా ఉండాలని తండాలో సీత్లా పండుగకు మేకను కోసి ఇల్లిల్లూ వాటా పంచుకుంటారు. ఆ ఏడు సాలి తోడేలుకు కూడా ఒక వాటా తీసి తండా చివర బండ మీద పెట్టింది. కొడుకు రాశాడు కదా, వస్తుందని నమ్మింది. నిజంగానే ఒకటి వచ్చింది. ఆ తర్వాత రోజూ రొట్టె పెట్టింది. ఆమెను చూసి తండా మొత్తం పెట్టింది. కొన్నాళ్లకు ఆ తోడేలు మనిషిని చూసి ఉరకడం మానేసింది.

ఒక పొద్దున అది పక్క ఊరి మంద దగ్గరికి పోయింది. గొర్రెలు కాసే ఈదయ్య కర్ర పట్టుకుని ఎదురొచ్చి కొట్టాడు. చచ్చిపోయింది. ఈదయ్యను నేను తప్పు పట్టను, ఆయన గొర్రెపిల్లల్ని తోడేళ్లు అంతకుముందు ఎత్తుకుపోయాయి. ఆయనే తర్వాత సారు ముందు కూర్చుని చెప్పుకున్నాడు: "ఉరుకుతదనుకున్న సారూ. ఉరకలే. తిననీకి ఏమన్న తెచ్చిన్నేమోనని నా చేతుల దిక్కు సూసింది."

సారు దాన్ని భుజాన వేసుకుపోయి గుట్ట కింద పాతిపెట్టి, అదే బట్టలతో బస్సెక్కి నా దగ్గరికి వచ్చాడు. "మల్ల అచ్చేస్తే నా ముగింపే ఎయ్యి" అన్నాడు. నేనేమన్నాను? "కథనే కద సారూ, పరేషాన్ గాకు" అన్నాను. రెండోసారీ పాతదే వేశాను. మూడోసారీ పాతదే వేశాను. ఆయన ఇంకో నవల రాయలేదు. సెలవు దొరికితే చాలు, మునగాల అనీ మోతె అనీ ఏ బడికి పిలిస్తే ఆ బడికి పోయి, రాయి ముగింపు నోటితో చెప్పేవాడు. పిల్లలు ఏడ్చేవారు. సారు మంచి కథను చెడగొడుతున్నాడని టీచర్లు నాతో చెబితే, నేను నవ్వేవాణ్ణి. సిగ్గులేని నవ్వు.

ఇదంతా పాత ముచ్చట, ఒప్పుకుని చేతులు దులుపుకుందామని చెబుతున్నానా? కాదు. నిన్న సాయంత్రం ఈ సభ కమిటీ నా ప్రెస్సులోనే కూర్చుంది. సారు జ్ఞాపకంగా నవల మళ్లీ వేద్దామన్నారు. ఏ ముగింపు అంటే, జనానికి నచ్చిందే అన్నారు. చేతులెత్తమన్నారు. నేనూ ఎత్తాను. అవును, నేనూ ఎత్తాను. మనిషి పోయి వారం తిరక్కముందే ఆయన నోరు మళ్లీ మూశాం.

ఈ పొద్దున మోతీబాయక్క ఇంటికి పోయాను. సారు మొదట రాసిన కాగితాలు నేనెప్పుడో ప్రెస్సు చెత్తతోపాటు ఊడ్చేశాను. అక్క విని విని కంఠతా పట్టింది. ఆమె చెబుతుంటే రాసుకున్నాను. నన్ను ఒక్క మాట అనలేదు, అంటే బాగుండేది. కమిటీవాళ్లు ఏమైనా అనుకోండి, నా ప్రెస్సులో ఇక ఆ రాయి ముగింపే అచ్చవుతుంది. అమ్ముడుపోకపోతే నా అటక మీదే పడి ఉంటుంది.

ఇప్పుడు సారు కోసం అందరం లేచి కాసేపు మౌనంగా ఉందాం. అక్కా, నువ్వు లేవకు, కూర్చో. నిలబడవలసింది మేము.