గేటు కాడ పదకొండు బుక్కులు

పుప్పాలగూడలో ఒక అపార్ట్‌మెంటు గేటు ఎదురుగా చాయ్ బండి. మధ్యాహ్నం మూడింటికి వాసంతి అక్కడ నిలబడి చాయ్ తాగుతోంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం ఆమెది, ఆ రోజే ఫ్లాటు ఖాళీ చేసి బాచుపల్లికి మారిపోతోంది. సామానంతా పొద్దున్నే వెళ్లిపోయింది. ఆమెను తీసుకెళ్లడానికి వచ్చిన డ్రైవర్ అనిల్ క్యాబ్ డిక్కీలో పుస్తకాల అట్టపెట్టె ఒక్కటి మిగిలింది. కొత్త ఇంట్లో దానికి చోటు లేదు, పాత పేపర్లవాడికి తూకానికి వేయడానికి మనసొప్పలేదు.

"చదివేవాళ్లు ఎవరైనా ఉంటే ఇచ్చేద్దునండి," అంది.

అంతే, వాచ్‌మన్ లింగమూర్తి చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎవలనో ఎందుకు అడుగుతరు మేడం, నేను లేనా? ఫ్లాట్లు ఖాళీ చేసేటోళ్లు ఇడిసిపెట్టిన బుక్కులన్నీ నా కాడనే ఉన్నయి. నేను ఒక్క బుక్కు పట్టుకొని కూసునేటోన్ని కాదు. ఒకేపారి నాలుగు! పొద్దుగాల హత్యల నవల, పదింటికి వంటల బుక్కు, బువ్వ తిన్నంక వకీళ్ల చట్టాలు, పొద్దుమీకి మొక్కల పెంపకం. ఒకదాని రుచి ఇంకోదానికి తగలది."

"నాలుగేనా కాకా?" అన్నాడు అనిల్, కారుకు ఆనుకొని.

"మొదట్ల నాలుగు. తర్వాత ఏడైనయి, ఆ తర్వాత పదకొండు. మరి డ్యూటీ ఎట్ల చేస్తున్ననో ఎరుకేనా? బండి వస్తే పైకి లేసే గేటు కట్టె లేదా, బుక్కును దానికే కట్టిన. కట్టె లేస్తే ఒక పేజీ తిరుగుతది, దిగితే ఇంకో పేజీ. తొమ్మిదింటికి ఆఫీసు బండ్లు ఒకటెనుక ఒకటి ఎల్తయి సూడు, ఆరొందల పేజీల నవల, తొమ్మిదింబావుకు హంతకుడు దొరికిండు! ఆదివారమే పరేషాన్. బండ్లు రావు, కథ కదలది. ఒక ఆదివారమైతే ఆ హంతకుడు కత్తి ఎత్తి అట్లనే నిలవడ్డడు, సోమవారం పొద్దుగాల దాక. పాపం, చెయ్యి గుంజింది వానికి."

వాసంతి నవ్వు ఆపుకుంటూ, "బుర్రలో అన్నీ కలిసిపోవా అండి?" అంది.

"కలవకుంటెట్ల మేడం! వకీళ్ల బుక్కూ వంటల బుక్కూ కలిపి సదివి మామిడికాయ తొక్కు పెట్టిన. జాడీ మూత తియ్యబోతే రాదు, వాయిదా అంటది! మూడు వాయిదాలైనంక గని ఒక్క ముక్క బయటికి రాలే. సరే, అది ఇడిసిపెట్టుండ్రి, మొక్కల బుక్కు సంగతి ఇనుండ్రి. బుక్కుల గుట్ట అడుగున ఉండి వానకు తడిసింది. నాలుగు దినాలకు ముప్పై రెండో పేజీలకెల్లి చిక్కుడు తీగ మొలిసి ఏడో అంతస్తు దాక పాకింది. ఆడ ఉండే వీరలక్ష్మి మేడం బాల్కనీల నిలవడి తెంపుకొని కూర గూడ వండింది."

"నేను సూడలే గా తీగ," అంది కొమురమ్మ. ఆమె ఆ అపార్ట్‌మెంటులోనే మెట్లు తుడుస్తుంది.

"ఆ దినం నువ్వు సుట్టీల ఉంటివి గద! ఆ తీగ పెరుగుతుంటే దాంతోని బుక్కుల గుట్ట గూడ లేసింది. రాయదుర్గం మెట్రో స్టేషన్ల నిలవడి సూస్తే కనవడ్డది. మరి పైనున్న బుక్కు అందుతదా? అందది. పక్కన కొత్త టవర్ కడుతున్నరు, ఆ క్రేన్ ఆయనకు ఫోన్ కొడితే అందిచ్చేటోడు. ఇగ ఆ తర్వాత ఏమైందో తెలుసా? శంషాబాద్ పోయే ఇమానం ఆ గుట్ట కాడికొచ్చి ఆగింది! పైలట్ కిటికీలకెల్లి తల బయటపెట్టి, 'నువ్వు సదువన్నా, అయ్యేదాక నేను సుట్టు తిరుగుత, ఫికర్ చెయ్యకు' అన్నడు. మూడు సుట్లల్ల పదకొండూ ముగిచ్చిన. లోపల మూడొందల మంది ఒకటే చప్పట్లు!"

బండి దగ్గరున్న వాళ్లంతా నవ్వారు. కొమురమ్మ మాత్రం నవ్వలేదు.

"అన్నా, నాకో మాట చెప్పు. పదకొండు బుక్కులు మింగినోనివి, బువ్వ తిన్నంక నాకు పిల్లల కథల బుక్కు సదివి ఇనిపిస్తవ్ గద. అండ్ల ఆ పిల్ల బాయిల వడి ఇయ్యాల్టికి ఇరవై దినాలు! రోజింత సదువుతవ్, ఆవులిస్తవ్, మూస్తవ్. ఇంటికి పోయినంక నాకు ఆ పిల్ల మీదనే పానం. జర దాన్ని పైకి తియ్యరాదు!"

అనిల్‌కు చాయ్ పొలమారింది. లింగమూర్తి టోపీ తీసి తల గోక్కున్నాడు.

"అచ్చరాలు కూడబలుక్కోవాలె మేడం," అన్నాడు గొంతు తగ్గించి. "రోజుకు నాలుగు లైన్లు. అంతకు మించి నడవది. అదొక్కటే సదువుతున్న."

వాసంతి అనిల్ వైపు తిరిగింది. "ఆ పెట్టె ఇక్కడే దింపేయండి."

లింగమూర్తి గేటు గదిలోకి పోయి పిల్లల కథల పుస్తకం తెచ్చి, గట్టు మీద కూర్చుని, ఆగిన చోట వేలు పెట్టాడు. కొమురమ్మ పక్కనే చతికిలబడింది.

"బా... విలో... నీళ్లు... మో... కాళ్ల... దాకే... ఉన్నాయి."

"నే చెప్పలే!" కొమురమ్మ తొడ చరిచింది. "బతికే ఉంటదని!"