నీటిపొరే సాక్షి

పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిది, జూన్ నాలుగు, సోమవారం నాడు మా ఆడపడుచుగారు ఈ వాక్యూమ్ ట్యూబుల కర్మాగారంలో, ట్యూబు లోపల అమర్చే లోహపు ముక్కలను, అంటే ఎలక్ట్రోడులను, శుభ్రపరిచే గదిలో ఉద్యోగంలో చేరారు. ఆ సోమవారం మీద నాకొక ఫిర్యాదు ఉంది. నేను కాపురానికి వచ్చిన మర్నాడే, నేను తోమిన పళ్లెం మీద ఆవిడ నీళ్లు పోసి, "చూడమ్మాయ్, నీళ్లు బొట్లుబొట్లుగా విడిపోతున్నాయి. జిడ్డు పోలేదు" అన్నారు. శుభ్రమైన లోహం మీద నీరు చీలకుండా పలుచని పొరలా నిలుస్తుందట! అత్తగారు లేని లోటు నాకు ఆ విధంగా తీరింది.

సహాయకురాలిగా ప్రవేశించి, పదేళ్లకే ఆ గదికి అధికారిణియై, ఎలక్ట్రోడును తాము చేత్తో ముట్టక, మరొకరిని ముట్టనివ్వక, 'పట్టకారమ్మ' అన్న బిరుదును వదినగారు సగౌరవంగా సంపాదించుకున్నారు.

పదకొండో ఏట ట్యూబులు వరుసగా నీరసించసాగాయి. ఆ ఎలక్ట్రోడులను ట్యూబుల్లో కూర్చే విభాగానికి పెద్ద అయిన మా వారు నేరం ట్యూబుల్లోని గాలిని తోడేసే పంపు మీదికి నెట్టారు.

"పంపుది కాదురా, నీ వేళ్లది! నేను కడిగి పంపినదాన్ని నువ్వు ఒట్టి చేత్తో సర్దుతున్నావు. ఆ జిడ్డు లోపల వేడెక్కి, ఆవిరై, ట్యూబుకు ప్రాణమైన కాథోడును చంపుతోంది."

"వేలిముద్రకే ట్యూబు చస్తుందా అక్కా? చోద్యం కాకపోతే!"

ఫలితమివ్వని శుభ్రత ఎందుకని యాజమాన్యం ఆ గదినే మూసివేయ సంకల్పించింది. వదినగారు చలించలేదు. "ఇరవై నాలుగు ట్యూబులు ఇవ్వండి. అన్నింటికీ పంపు ఒక్కటే. పన్నెండు నేను పట్టకారుతో కూరుస్తాను, పన్నెండు మా తమ్ముడు తన చేత్తో కూరుస్తాడు. నావి పోతే గదికి తాళం నేనే వేస్తాను" అన్నారు.

ఐదు వందల గంటలు నడిపి చూస్తే ఆవిడవి పన్నెండూ నిలిచాయి; మా వారివి ఏడు చతికిలబడ్డాయి. గది నిలిచింది. మా వారు మర్నాటి నుంచి చేతి తొడుగులు వేసుకున్నారే గాని, "పంపు ఆ రోజు మొండికేసింది" అన్న మాటను మాత్రం పాతికేళ్లూ విడవలేదు.

ట్యూబుల ఆయుష్షు కోసం ఇంతగా పట్టుబట్టి, ఇప్పుడు పదవీ విరమణ చేస్తున్న వదినగారు, ఇకపై తమ ఆరోగ్యం విషయంలోనూ అంతే పట్టుదల చూపి, నిండు నూరేళ్లు మా పళ్లేలను పరీక్షిస్తూనే ఉండాలని మనసారా కోరుకుంటున్నాను.

ఈ వ్యాసాన్ని కర్మాగారం వారి వీడ్కోలు సంచికకు పంపే ముందు మా వారు చదివారు. "ఆ ఏడు ట్యూబుల సంగతి తీసెయ్యకూడదూ?" అన్నారు.

"మీ అక్కయ్యనే అడగండి" అన్నాను.

వంటింట్లో వదినగారు నేను తోమిన పళ్లెం మీద నీళ్లు పోసి చూస్తున్నారు. ఈసారి పొర చీలలేదు. మా వారు సబ్బుతో రెండుసార్లు చేతులు కడుక్కుని, ఆవిడ ఎదుట నిలబడ్డారు.

"అక్కా, ఆ ఏడు ట్యూబులూ నా వేళ్ల వల్లే పోయాయి. పంపుకేం కాలేదు. తప్పు నాదే."