వజ్రమ్మ అడిగిన కొలత గ్లాసు

బొంబాయి కామాటిపుర గల్లీ పెద్దలకు, అక్కచెల్లెళ్లకు, వర్లి నుంచి పని మానుకొని వచ్చిన మన పాలమూరు వాళ్లకు దండాలు. మొన్న మంగళవారం మన వజ్రమ్మ పోయింది. ఆమె పెనిమిటి యాదయ్య ముందు వరుసలోనే కూర్చున్నాడు. ఆసుపత్రి స్టోరు గుమాస్తాగా ఆమెను ఏళ్లతరబడి చూసినవాణ్ని కనుక నన్ను నాలుగు మాటలు చెప్పమన్నారు.

వజ్రమ్మ ఎవరు? వర్లిలో గోడలకు సిమెంటు మాల్ కలిపి మోసిన కూలీ. తర్వాత మా ప్రసూతి వార్డులో ఆయా. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలను వెచ్చగా ఉంచే అద్దాల పెట్టెలు తుడవడం ఆమె పని. తుడిచే మందును నీళ్లలో కొలిచి కలపాలి. చిక్కనైతే పెట్టె వేడికి ఆవిరి లేచి పసిబిడ్డ ఒంట్లోకి పోయి కామెర్లు తెస్తుంది. ఈ సంగతి అప్పుడు మాలో ఎవరికి తెలుసు? నాకు తెలియదు. వజ్రమ్మకూ తెలియదు.

ఎనభై మూడులో పెట్టెల్లోని పిల్లలు మూడో రోజుకల్లా పచ్చబడసాగారు. పసిపిల్లలకు కామెర్లు మామూలే అన్నారందరూ. వజ్రమ్మ ఒప్పుకోలేదు. తల్లుల పక్కనున్న పిల్లలకు లేనంత పచ్చదనం పెట్టెలోని పిల్లలకే ఎందుకు? ఖాళీ పెట్టెను ఎప్పటిలాగే తుడిచి, వేడి పెట్టి, అందులో తల దూర్చింది. కళ్లు ఎర్రబడి నీళ్లు కారేదాకా తీయలేదు. నేరుగా డాక్టరమ్మ దగ్గరికి పోయింది. "నాకే గింత మండుతున్నది, పసిగుడ్డుకు మండదా అమ్మా? మందు కలిపింది నా చెయ్యే" అంది.

మందు మార్చారు. పిల్లలు తేరుకున్నారు. ఒక్క బిడ్డ తేరుకోలేదు. విచారణ పెట్టి వజ్రమ్మను పనిలోంచి తీసేశారు.

తీసేశాక ఏం చేసింది? ఫాక్‌లాండ్ రోడ్డులో కూరగాయలు అమ్ముకుంది. ఇంటికి పోతూ రోజూ వార్డు గేటు దగ్గర ఆగి, కొత్త ఆయాను ఒకటే అడిగేది: "పెట్టె మంచినీళ్లతో కడిగినవా బిడ్డా?" మూడేళ్లు అడిగింది.

ఇక నేను చెప్పాల్సింది ఉంది. పిల్లలు పచ్చబడక ముందే వార్డులో కొలత గ్లాసు పగిలింది. ఇంకొకటి ఇమ్మని వజ్రమ్మ నన్ను మూడుసార్లు అడిగింది. నా బీరువాలో గ్లాసులు ఉన్నాయి. కాగితం మీద సంతకం లేనిదే తీయనన్నాను. "మాల్ కలిపిన చెయ్యే గదా, అందాజుగ కలుపు" అన్నాను. మాల్ బలంగా లేకపోతే గోడ నిలవదని నేర్చిన చెయ్యి అది. చిక్కగానే కలిపింది.

విచారణలో ఆమె నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. యాదయ్యా, ఈ మాట ఆమె ఉండగా చెప్పాల్సింది. సిగ్గుపడుతున్నాను.

అందరూ లేవండి. వజ్రమ్మ కోసం, పేరు పెట్టకముందే పోయిన ఆ బిడ్డ కోసం, ఒక్క నిమిషం మౌనంగా నిలబడదాం.