చంద్రుడికి రెండు ఈలలు

నాటకాల హాల్లో వేషాల గది. అవతల స్టేజీ మీద అరవైల నాటి కాలేజీ ప్రేమకథ, పాటల నాటకం నడుస్తోంది. గదిలో ఇద్దరే: స్టేజీ తాళ్ళు లాగే మావయ్య, హీరోయిన్ స్నేహితురాలి వేషంలో మేనకోడలు.

"అబ్బా, మెల్లగా మావయ్యా."

"మెల్లగానే కోడలా. రెండు జడలేసుకుని, రిబ్బన్లు కట్టుకుని పదహారేళ్ళ పిల్లలా గెంతితే మడమ ఊరుకుంటుందా? దాని వయసు దానికి తెలుసు."

"నాకింకా ముప్పై దాటలేదు."

"దాటదులే. గేటు దగ్గరే ఆగిపోయి చాలా ఏళ్ళయింది."

"నవ్వించకు, నొప్పి."

"ఏదీ, వాపే లేదు. నూనె రాశాగా, నే పైకి పోతా. స్టేజీ పైన అటక మీద, తాళ్ళ దగ్గర, కొత్తోడొక్కడే ఉన్నాడు."

"కాసేపు కూచో. వాడికి పని రాదా ఏంటి?"

"రాకేం, నేనేగా నేర్పింది. ఒక ఈలకి తెర, రెండు ఈలలకి చంద్రుడు. ఈల వినపడితే ఆలోచించకురా, తాడు వదిలెయ్ అన్నా. బుర్రతో పన్లేదనేసరికి ఇట్టే పట్టేశాడు."

"కిందకి చూడడా?"

"చీకట్లో ఏం చూస్తాడు? పాటయ్యి స్టేజీ ఖాళీ అయ్యాకే చంద్రుణ్ణి దించేది. అందుకే దబ్బున వదిలేస్తాం. జనానికి వెన్నముద్ద. మాకు మనిషంత బరువున్న ఇనప చట్రం."

"మరి పాట చివర హీరో, హీరోయిన్ కిటికీ దగ్గర రెండు ఈలలు వేస్తాడుగా?"

"అది టేపు ఈల. డబ్బాలోంచి గరగరమంటూ వస్తుంది, పైనోడు లెక్కచెయ్యడు. నోటితో మాత్రం ఈ స్టేజీ మీద ఎవడూ ఈల వెయ్యకూడదు. మా మేస్త్రీ నెత్తిన మొట్టి మరీ నేర్పాడు."

"టేపు పాడైంది మావయ్యా."

"పొద్దున పాడిందే."

"సాయంత్రం పాడైంది."

"మరి ఈల?"

"అతనే వేస్తాడు. నోటితో."

"వాడా? టీవీలోంచి ఊడిపడ్డ మొహం. వేడి పాలు ఊదుకోవడమే రాదు, ఈలెక్కడొచ్చింది?"

"నేర్చుకున్నాడు."

"ఎవరు నేర్పారు?"

"పాట వింటున్నావా? మొదటి చరణం అయిపోయింది."

"ఎవరు నేర్పారే?"

"చిన్నప్పుడు నాకు నువ్వేగా నేర్పావు. నాలుక మడిచి. ఆడపిల్లకి ఈలలేంటని అమ్మ తిడుతుంటే, గోడవతల నువ్వు ఇంకోటి వేశావు."

"వేళాకోళం కాదిది."

"ఈ మాట నీ నోట వినడం ఇదే మొదలు."

"చెయ్యొదులు. ఆ రెండు ఈలలూ అయ్యేసరికి కొత్త హీరోయిన్ కిటికీలోంచి దిగొచ్చి సరిగ్గా చంద్రుడి కిందే నిలబడుతుందే."

"తెలుసు. మొన్నటిదాకా అక్కడ నిలబడింది నేనేగా."

"వేషం పోతే ఇంకోటొస్తుంది తల్లీ."

"పోయింది వేషం ఒక్కటేనా? అతను నన్ను పెళ్ళి చేసుకుంటానన్నాడు. ఉంగరం కొలత కూడా తీసుకున్నాడు. రెండూ ఒక్క రోజే ఆవిడకిచ్చేశాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తావు? జోకేస్తావు."

"వెయ్యను. లే, పక్కకి జరుగు."

"రెండో చరణం. ఎంత బాగా పాడుతున్నాడో విను."

"కాలు బెణికిందన్నదానివి, తలుపు దాకా పరిగెత్తావే."

"పాటయ్యేదాకా నువ్వు పైకి పోవు మావయ్యా."

"ఓసి నా బంగారం. నన్ను అటక దింపడానికా ఇదంతా? అడ్డం తప్పుకో. ఆ పిల్ల పసిది. నీ వేషం ఇస్తామంటే తీసుకుంది, అంతే. దాని ఉసురు నీకెందుకు?"

"ఆ పిల్లకేం కాదు మావయ్యా. ఇవాళ ఈలలయ్యేదాకా తను కిటికీ దిగదు. చంద్రుడి కింద నిలబడి ఈల వేస్తే మొహం మీద వెలుగు బాగా పడుతుందని అతనికి చెప్పా."